చీకట్లో అల్లుకునే చూపు

పండు ఈగ తలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఎర్రటి కన్ను నిండా సందు చుక్కల ముగ్గు పెట్టినట్టు ఉంటుంది. ఏ చుక్కను తీసుకున్నా దాని చుట్టూ ఆరు చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో నేత్రాంశం. దేని కటకం దానిదే, దేని కణాలు దానివే. ఒక్కో కంటిలో ఇలాంటివి 750 నుంచి 800 దాకా ఉంటాయి. ప్రతి నేత్రాంశంలోనూ వెలుగును పసిగట్టే కణాలు ఎనిమిది. వాటికి శాస్త్రజ్ఞులు ఆర్1 నుంచి ఆర్8 దాకా నంబర్లు వేశారు. అంటే మూడు మిల్లీమీటర్ల ప్రాణికి ఒక్కో కంటిలో ఆరువేల కాంతిగ్రాహక కణాలు, వాటి నుంచి మెదడులోకి ఆరువేల తంతువులు. ఆ తంతువులన్నీ ఇరుకైన ఒకే సందులోంచి మెదడులోకి దూరి, దేని చోటికి అది చేరుకుంటాయి. తప్పిపోయేవి చాలా తక్కువ.

ఈ దారి చూపించేది జన్యువులే. అంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఎలా చూపిస్తాయన్న దగ్గరే అసలు కథ మొదలవుతుంది. ఎందుకంటే లెక్క కుదరదు. పండు ఈగ జన్యుక్రమం 2000 మార్చిలో వెలువడింది. ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు అందులో సుమారు 14 వేలు. 2024 అక్టోబరులో ఆడ ఈగ మెదడు మొత్తానికి నాడీ సంధాన పటం అచ్చయింది. అందులో 1,39,255 నాడీకణాలు, వాటి మధ్య దాదాపు 5 కోట్ల సినాప్సులు, అంటే ఒక కణం ఇంకో కణానికి సంకేతం అందించే చోట్లు. నాడీకణాల్లో సగానికి పైగా, చూపు పని చూసే దృక్ లంబికల్లోనే ఉన్నాయి. ఒక్కో సినాప్సుకు ఒక్కో జన్యువును కేటాయించడానికి ఏ లెక్కలోనూ వీలుకాదు. ఏ తీగ ఎక్కడ కలవాలో చెప్పే పటం జన్యువుల్లో ఎక్కడా లేదు. అక్కడ ఉన్నది పెరుగుదలకు ఒక వరుస. ఏ కణం ఎప్పుడు పుట్టాలి, పుట్టాక ఎవరిని పిలవాలి, ఏ పూట ఎవరిని పట్టుకోవాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నదే ఆ వరుస. అది తప్పకుండా నడిస్తే అల్లిక దానంతటదే తయారవుతుంది. ఈ అధ్యాయంలో చెప్పబోయే ప్రయోగాలన్నీ నన్ను ఈ నిర్ణయానికే తీసుకొచ్చాయి.

మొదట్లో ఊహ వేరుగా ఉండేది. అమెరికా శాస్త్రజ్ఞుడు రోజర్ స్పెర్రీ 1940లలో కప్పల మీద, వాటి చుట్టాలైన న్యూట్ల మీద ఒక ప్రయోగం చేశాడు. దృక్ నాడిని కోసి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి పెట్టాడు. నాడి మళ్లీ పెరిగింది, చూపు తిరిగొచ్చింది. కానీ పురుగు పైన ఉంటే కప్ప కిందికి దూకింది. ఎన్నాళ్లు గడిచినా ఆ పొరపాటు దిద్దుకోలేదు. తంతువులు అనుభవం చెప్పినట్టు వినలేదు. తమ పాత గమ్యాలనే వెతుక్కుంటూ వెళ్లాయి. దీన్నిబట్టి ప్రతి నాడీకణం మీదా ఒక రసాయనిక గుర్తు ఉంటుందని, దానికి సరిపోయే గుర్తున్న కణంతోనే అది కలుస్తుందని స్పెర్రీ 1963లో ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన తర్వాతి పరిశోధనకంతా పునాది. అయితే ఆ గుర్తులేమిటో కప్పలో పట్టుకోవడం కష్టం. జన్యువులను ఒక్కొక్కటిగా చెడగొట్టి చూడగలిగే ప్రాణి కావాలి. పండు ఈగ గుడ్డు నుంచి పది రోజుల్లో పెద్దదవుతుంది. సీసాలో వందలుగా పెరుగుతుంది.

సేమర్ బెంజర్ భౌతికశాస్త్రం చదివి, బాక్టీరియాను తినే వైరస్‌ల జన్యువుల మీద గొప్ప పని చేసి, ఆ తర్వాత ఈగల వైపు తిరిగినవాడు. 1967లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో ఆయన వాడిన పరికరం గాజు గొట్టాలు, ఒక దీపం. ఈగలు వెలుగు వైపు పరుగెత్తుతాయి. పరుగెత్తని వాటిని ఏరితే, చూపులోనో నడకలోనో మెదడులోనో లోపమున్న ఈగలు దొరుకుతాయి. తర్వాత ఆయన ప్రయోగశాలలోనే రెండు రంగుల వెలుగు పెట్టి పరీక్షించడం మొదలైంది. ఒక వైపు అతినీలలోహిత కాంతి, మరో వైపు ఆకుపచ్చ. మామూలు ఈగ ఆలోచించకుండా అతినీలలోహితం వైపు పోతుంది. ఒక రకం ఈగలు మాత్రం ఆకుపచ్చ వైపు పోయాయి. వాటి కంటిని కోసి చూస్తే ప్రతి నేత్రాంశంలోనూ ఒక కణం తక్కువ. ఆర్7 లేదు. ఆ జన్యువుకు ‘సెవెన్‌లెస్’ అని పేరు పెట్టారు.

ఈ జన్యువు చేసే పనిని దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చేదంతా ఇదే పద్ధతి. కన్ను ఒక్కసారిగా తయారుకాదు. గుడ్డు నుంచి వచ్చిన పురుగు (లార్వా) ఆఖరి దశలో, కన్నుగా మారాల్సిన కణాల పొర మీద ఒక గాడి వెనక నుంచి ముందుకు కదులుతుంది. అది కదిలిన కొద్దీ దాదాపు రెండు గంటలకొకటి చొప్పున నేత్రాంశాల వరుసలు వెలుస్తాయి. ప్రతి నేత్రాంశంలోనూ ముందు పుట్టేది ఆర్8. అది పక్క కణాలను పిలుస్తుంది. ఆర్2, ఆర్5 చేరతాయి. తర్వాత ఆర్3, ఆర్4, ఆ తర్వాత ఆర్1, ఆర్6. చివరికి ఆర్7. ఆర్8 తన ఒంటి మీద ‘బాస్’ అనే ప్రొటీన్‌ను నిలబెట్టుకుంటుంది. ఆర్7 కావాల్సిన కణం మీద దాన్ని అందుకునే గ్రాహకం ఉంటుంది. ఆ గ్రాహకాన్ని తయారుచేసేదే సెవెన్‌లెస్ జన్యువు. రెండూ తగిలితే ఆ కణం ఆర్7 అవుతుంది. తగలకపోతే కటకాన్ని తయారుచేసే కణంగా మారిపోతుంది. సెవెన్‌లెస్ నుంచి కణం లోపలికి సాగే సంకేతాల గొలుసును పట్టుకుని వెళ్లినవాళ్లకు రాస్ అనే ప్రొటీన్ ఎదురైంది. మనుషుల క్యాన్సర్లలో తరచుగా చెడిపోయేది అదే. ఈగ రంగుల ఎంపికతో మొదలైన ప్రశ్న క్యాన్సర్ పరిశోధన దాకా వెళ్లింది. ఇలాంటి పనికి డబ్బెందుకని అడిగేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కణాలు పుట్టాయి. ఇప్పుడు ప్రయాణం. ఇక్కడా మొదట బయలుదేరేది ఆర్8 తంతువే. మిగతా ఏడూ దాన్ని ఆనుకుని కట్టగా నడుస్తాయి. దృక్ లంబికలో మొదటి మజిలీ లామినా. ఆర్1 నుంచి ఆర్6 దాకా అక్కడే ఆగుతాయి. కదలికను పసిగట్టే చూపు ముఖ్యంగా వీటి పని. రంగు చూసే ఆర్7, ఆర్8 ఇంకా లోపలికి, మెడుల్లాకు వెళ్తాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. కంటిలో నేత్రాంశాలు ఎన్నో, లామినాలో తంతువులు దిగే గదులు దాదాపు అన్ని ఉండాలి. ఒక ఈగ కంటిలో 750 ఉండొచ్చు, ఇంకో ఈగకు 780 ఉండొచ్చు. మెదడుకు ఆ లెక్క ఎలా తెలుస్తుంది? కన్ను చిన్నదైన ఈగల్లో మెదడులోని దృక్ భాగాలూ చిన్నవవుతాయని 1943లోనే గమనించారు. కారణం 1990లలో బయటపడింది. కంటి నుంచి వచ్చే తంతువులే తమ కొసల్లో ‘హెడ్జ్‌హాగ్’ అనే ప్రొటీన్‌ను మోసుకొస్తాయి. అది అందితేనే లామినా కణాలకు జన్మనిచ్చే కణాలు విభజన చెందుతాయి. ఆ తర్వాత తంతువులే విడుదల చేసే మరో సంకేతం ఆ పిల్లకణాలను నాడీకణాలుగా మారుస్తుంది. ఒక కట్ట వచ్చిందా, దానికి ఐదు నాడీకణాలతో ఒక గది తయారు. రాలేదా, గదీ లేదు. అతిథి తన గదిని తానే కట్టించుకుంటాడన్నమాట. రెండు చోట్లా లెక్క సరిపోవడానికి ఎవరూ లెక్కపెట్టాల్సిన పని లేకుండా పోయింది. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఇదే.

లామినాలో అసలైన కసరత్తు ప్యూపా దశలో, అంటే లార్వా పెద్ద ఈగగా మారే కాలంలో జరుగుతుంది. ఎందుకు అవసరమో ముందు చెప్పాలి. ఒక నేత్రాంశంలోని ఆర్1 నుంచి ఆర్6 దాకా ఆరూ ఒకే కటకం కింద ఉన్నా, కాస్త కాస్త ఎడంగా ఉండటం వల్ల ఆరు వేరు వేరు దిక్కులకు చూస్తాయి. కన్ను గుండ్రంగా ఉంటుంది కాబట్టి, పక్క నేత్రాంశాల్లోని ఒక్కో కణం సరిగ్గా అదే దిక్కుకు చూస్తుంటుంది. అంటే బయట ఒకే బిందువును ఆరు వేరు వేరు నేత్రాంశాల్లోని ఆరు కణాలు చూస్తాయి. ఆ ఆరింటి తంతువులూ లామినాలో ఒకే గదిలో కలిస్తే, బొమ్మ మసకబారకుండా మసక వెలుతురులో ఆరింతల కాంతి దక్కుతుంది. ఈగల కంట్లో సరిగ్గా ఇలాగే జరుగుతోందని కిర్ష్‌ఫెల్డ్, బ్రైటెన్‌బెర్గ్ అనే శాస్త్రజ్ఞులు 1967లో నిరూపించారు.

కట్టగా వచ్చిన ఆరు తంతువులు విడిపోయి, ఆరు దిక్కులకు పోయి, ఆరు వేరు గదుల్లో దిగాలి. ప్రతి గదిలోకీ ఆరు వేరు కట్టల నుంచి ఒక్కోటి రావాలి. కన్ను మొత్తం మీద నాలుగున్నర వేల తంతువులు ఏకకాలంలో ఇలా చోటు మారతాయి. ప్యూపాగా మారిన తర్వాత రెండో రోజులో ఇది జరిగిపోతుంది. ప్రతి తంతువు మీదా దాని గది నంబరు రాసి ఉంటుందని అనుకుంటే వందల కొద్దీ నంబర్లు కావాలి. టామ్ క్లాండినిన్, లారీ జిపర్స్కీ 2000లో దీన్ని పరీక్షించారు. నేత్రాంశం తిరగాల్సిన దిక్కుకు తిరగకుండా అడ్డంగానో తలకిందులుగానో ఉన్న ఉత్పరివర్తక ఈగలను తీసుకున్నారు. వాటిలో తంతువులు తమ ‘అసలు’ గదులను వెతుక్కోలేదు. కట్ట ఎటు తిరిగి ఉంటే ఆ లెక్కన బయలుదేరి, వేరే గదుల్లో దిగాయి. కట్టలోని కొన్ని కణాలను తీసేస్తే మిగిలినవాటి దారీ మారింది. అంటే దిక్కును నిర్ణయించేది కట్టలోని సాటి తంతువులే. ఇందులో ‘ఫ్లెమింగో’ అనే ప్రొటీన్ ఉంది. ఆరింటి మీదా అది ఒకే మోతాదులో ఉండదు. పక్కవాడి మీద ఎంత ఉంది, అటువైపు వాడి మీద ఎంత ఉంది అన్న తేడానే తంతువు కొసను ఒక దిక్కుకు మొగ్గేలా చేస్తుంది.

2015లో బెర్లిన్‌కు చెందిన రాబిన్ హీసింగర్ బృందం బతికున్న ప్యూపా మెదడులోనే ఈ తంతువుల కొసలను గంటల తరబడి చిత్రీకరించింది. ప్రతి కొసా కాలి మడమ లాంటి భాగాన్ని మొదట దిగిన చోటే ఉంచి, ముందు భాగాన్ని తన దిక్కుకు, తనకు నిర్ణయమైన వేగంతో చాచింది. అన్నీ కలిసే బయలుదేరాయి. సరైన కొసలు ఒకదానిమీద ఒకటి పడ్డ చోట ఆగిపోయాయి. దిక్కు, వేగం, ఆగే చోటు. ఈ మూడు నియమాలను కంప్యూటర్‌కు ఇస్తే మొత్తం అల్లిక దానంతటదే వచ్చింది. గది నంబర్ల అవసరమే పడలేదు.

మెడుల్లా కథ వేరు. అది పది పొరల కట్టడం. ఆర్8 మూడో పొరలో ఆగుతుంది, ఆర్7 ఆరో పొరలో. ఇక్కడ పొరకొక గుర్తు ఉండి తీరాలని చాలాకాలం అనుకున్నారు. ఆధారాలు కూడా అలాగే కనబడ్డాయి. ఎన్-క్యాడ్హెరిన్ అనే జిగురు లాంటి ప్రొటీన్ లేకపోతే ఆర్7 తన పొర చేరక ఆర్8 పొర దగ్గరే కనిపించింది. ఎల్ఏఆర్ అనే మరో జన్యువు చెడినా అదే పరిస్థితి. ఆర్8 మీద, అది ఆగే పొర మీద ‘కెప్రీషస్’ అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని ఆర్7లో బలవంతంగా తయారయ్యేలా చేస్తే అదీ మూడో పొరలోనే ఆగిపోయింది. మూడో పొరలో ఎల్3 అనే లామినా కణం తెచ్చిపెట్టే నెట్రిన్‌ను ఆర్8 తన ఫ్రాజిల్డ్ గ్రాహకంతో పసిగడుతుందని ఐరిస్ సాలెకర్ బృందం 2012లో చూపించింది. అన్నీ నిజాలే. కానీ ఇవన్నీ ప్యూపాను చంపి, ఒక క్షణాన్ని గడ్డకట్టించి తీసిన చిత్రాల నుంచి వచ్చినవి. 2015లో బతికున్న కణాలను చూసినప్పుడు, ఎన్-క్యాడ్హెరిన్ లేని ఆర్7 చాలాసార్లు మొదట సరైన చోటికే చేరింది. అక్కడ పట్టు దొరక్క తర్వాత వెనక్కి జారింది. ఈ జన్యువు ముఖ్యమైన పని దారి చెప్పడం కంటే, చేరిన చోట పట్టు ఇవ్వడం. చచ్చిన కణజాలంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏ జన్యువు ‘దేనికోసం’ ఉందో చెప్పేముందు దాని పనిని జరుగుతుండగా చూడాలని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఈ ప్రయోగమే.

మెడుల్లా కణాలకు వాటి గుర్తింపును ఇచ్చేది ఇతర జన్యువులను నడిపే జన్యువులు. దృక్ లంబికలో సుమారు 200 రకాల నాడీకణాలున్నాయి. ఒక్కో రకం పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా ఇలాంటి నియంత్రక ప్రొటీన్లలో సగటున ఓ పదింటిని తనదైన కలయికలో నిలుపుకుంటుందని క్లోడ్ డెప్లాన్ బృందం 2022లో ప్రకటించింది. లేత కణంలో ఆ కలయికను మారిస్తే అది వేరే రకం కణంగా మారింది. రూపంతో పాటు దాని కనెక్షన్లూ మారాయి.

ఇక్కడిదాకా అంతా కచ్చితమైన వ్యవహారంలా కనబడుతుంది. కానీ ఈగ కంట్లో జూదం కూడా ఉంది. ఆర్7 కణాలు రెండు రకాలు. సుమారు 70 శాతం ఒక రకం అతినీలలోహిత వర్ణకాన్ని, 30 శాతం మరో రకాన్ని పెట్టుకుంటాయి. ఏ నేత్రాంశానికి ఏది అన్నది ముందే తెలియదు. ‘స్పైన్‌లెస్’ అనే జన్యువు ఆ ఆర్7లో పలికితే, అంటే పనిలోకి దిగితే ఒకటి, పలకకపోతే ఇంకొకటి. అది పలుకుతుందా లేదా అన్నది కేవలం యాదృచ్ఛికం. డెప్లాన్, వెర్నెట్ తదితరులు 2006లో దీన్ని బయటపెట్టారు. అలాంటప్పుడు మెదడులోని కణాలు ఏ ఆర్7 ఏ రకమో ఎలా తెలుసుకుంటాయి?

స్పైన్‌లెస్ పలికిన ఆర్7 తన ఒంటి మీద డీపీఆర్11 అనే ప్రొటీన్‌ను కూడా పెట్టుకుంటుంది. మెడుల్లాలో డీఎం8 అనే కణాల్లో ఒక రకం మీద దానికి జతగా డిప్-గామా అనే ప్రొటీన్ ఉంటుంది. ఈ డీఎం8లు అవసరానికి మించి పుడతాయి. జత దొరికిన కణం బతుకుతుంది. దొరకనిది చచ్చిపోతుంది. డిప్-గామా తీసేస్తే వాటిలో చాలా కణాలు చనిపోతాయి. కంట్లో పడ్డ బొమ్మాబొరుసును మెదడు ముందుగా తెలుసుకోనక్కర్లేదు. ఎక్కువమందిని పంపి, జత కుదిరినవాళ్లను ఉంచుకుంటుంది.

ఈ అల్లికంతా ప్యూపా గూటిలోనే, ఈగ ఇంకా లోకాన్ని చూడకముందే పూర్తవుతుంది. పిల్లికూనలకు పుట్టిన కొత్తలో ఒక కన్ను కొన్నాళ్లు మూసి ఉంచితే మెదడులో ఆ కంటి కనెక్షన్లు దెబ్బతింటాయని హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రజ్ఞులు 1960లలో చూపించారు. ఈగ సంగతి అలా ఉండదు. వెలుగును గ్రహించలేని, విద్యుత్ సంకేతాలు పంపలేని, సినాప్సుల దగ్గర రసాయనాన్ని విడుదల చేయలేని ఉత్పరివర్తక కంటి కణాలు కూడా లామినాలో సరైన భాగస్వాములతోనే, దాదాపు సరైన సంఖ్యలోనే సినాప్సులు కట్టుకున్నాయని 2006లో హీసింగర్ బృందం నిరూపించింది. చూడటం మొదలుపెట్టకముందే చూపు యంత్రం సిద్ధం.

అలాగని బయటి ప్రపంచానికి ఇందులో ప్రమేయం లేదని కాదు. 25 డిగ్రీల దగ్గర పెరిగిన ప్యూపాకంటే 19 డిగ్రీల దగ్గర పెరిగినదానికి కాలం దాదాపు రెట్టింపు పడుతుంది. అలా నిదానంగా పెరిగిన ఈగలో సినాప్సులు ఎక్కువ, కలిసిన భాగస్వాములూ ఎక్కువ. 2021లో వచ్చిన ఈ ఫలితానికి వివరణ సూటిగానే ఉంది. తంతువుల కొసల నుంచి సన్నటి వేళ్ల లాంటివి చాచుకుంటూ, వెనక్కి లాక్కుంటూ ఉంటాయి. కొస ఎంతసేపు అక్కడ తడుములాడితే అన్ని చేతులు తగులుతాయి. ఏ సినాప్సు ఎవరితో అన్నది జన్యువుల్లో రాసి ఉంటే ఉష్ణోగ్రతతో ఈ లెక్క మారకూడదు. మారింది కాబట్టే, జన్యువుల్లో ఉన్నది పెరుగుదల వరుస అన్న మాటకు ఇంకాస్త బలం వచ్చింది.

ఇంకో అడుగు ముందుకు వెళ్లినవారు పారిస్‌లోని బాసెమ్ హసన్ బృందం. దృక్ లంబికలో డీసీఎన్ అనే కణాలు మెదడు మధ్య గీతను దాటి అవతలి వైపుకు తంతువులు పంపుతాయి. వాటిలో కొన్ని మెడుల్లా దాకా వెళ్తాయి, కొన్ని వెళ్లవు. పక్కపక్క తంతువులు నాచ్ అనే ప్రొటీన్ ద్వారా ఒకదాన్నొకటి అణచుకుంటాయి. ఆ పోటీలో ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పలేం. అందువల్ల ఒకే ఈగలో మెడుల్లా చేరే తంతువుల సంఖ్య కుడి ఎడమల మధ్య తేడాగా ఉంటుంది, ఈగకూ ఈగకూ ఆ తేడా మారుతుంది. 2020లో వాళ్లు రెక్కలు కత్తిరించిన ఈగలను రెండు నల్లటి గీతల మధ్య గుండ్రటి వేదిక మీద నడిపించారు. కొన్ని ఒక గీత నుంచి మరో గీతకు సూటిగా నడిచాయి, కొన్ని వంకర్లు తిరిగాయి. అదే ఈగను వారాల తర్వాత పరీక్షించినా దాని తీరు అదే. కుడి ఎడమల డీసీఎన్ తంతువుల మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే ఈగ అంత సూటిగా నడిచింది. జన్యుపరంగా దాదాపు ఒకేలా ఉన్న ఈగల మధ్య కూడా ఈ వైవిధ్యం తగ్గలేదు. తల్లిదండ్రుల నడకను బట్టి పిల్లల నడకను ఊహించడం కుదరలేదు. ఆ ఈగ మెదడులో ఎటువైపు ఎన్ని తంతువులు మెడుల్లా చేరాయో చూస్తే మాత్రం కుదిరింది.